సింహాచలం గారికి నేనిచ్చిన గుర్రం

రెండు వేల సంవత్సరం జూన్‌లో మా హైదరాబాద్ కంపెనీ నన్ను మాడ్యూల్ లీడ్‌గా సింగపూర్ పంపింది. అంటే నలుగురి తప్పులకు జవాబుదారీ. జీతం మాత్రం ఒక్కరిదే. పగలు ఒక బ్యాంకు పని. సాయంత్రాలు, తెలుగు సంఘం వాళ్లు ఆగస్టు పదిహేనుకు అడిగిన కంప్యూటర్ బొమ్మల కథ పని. దాన్నీ ఆఫీసు పద్ధతిలోనే నడిపాను.

కథ అక్కడే బుకిట్ పంజాంగ్ పేటలో ఉండే సింహాచలం గారిది. వయసులో ఉన్నప్పుడు ఆయన తెల్లవాళ్ల పోలీసుల కళ్లుగప్పి, స్వాతంత్ర్యం కోసం పనిచేసేవారి రహస్య కబుర్లు మోశారు. ఎండుచేపల గంప అడుగున దాచి, నడిచి వెళ్లేవారు.

అసలు బొమ్మ వచ్చేదాకా ఆ చోట ఏదో ఒకటి పెట్టి పని సాగించడాన్ని మా వృత్తిలో ప్లేస్‌హోల్డర్ అంటారు. నా దగ్గరున్న బొమ్మల్లో వార్తాహరుడిలా కనిపించినవాడు తెల్లగుర్రం మీది రౌతు ఒక్కడే. వాణ్ణి పెట్టాను. ముచ్చటేసి గుర్రాన్ని పరుగెత్తించాను. డెక్కల చప్పుడూ చేర్చాను. తర్వాత ఫ్రీజ్ ప్రకటించాను, అంటే ఇక ఎవరూ ఏదీ మార్చకూడదని. మర్నాడు సింహాచలం గారి మనవరాలు గంప బొమ్మ గీసి తెస్తే, నియమం చెప్పి వెనక్కి పంపాను.

ప్రదర్శనలో చప్పట్లు మారుమోగాయి. అయ్యాక ఆయన నా దగ్గరకొచ్చారు.

"గుర్రమెక్కడిది బావూ? నాకు సైకిలే లేదు. ఆ కంపుకే పోలీసోడు ముక్కు మూసుకుని పొమ్మనేవోడు. మాయావిడైతే గుమ్మంలోకే రానిచ్చేది కాదు!" అని నవ్వారు. ఆ పైన నా చెయ్యి పట్టుకున్నారు. "గుర్రముంటే ఎవుడైనా ఎల్తాడు. నేను నడిసెల్లినోణ్ణి. పిల్లలకి ఆ మాట సెప్పు."

తర్వాతి వెర్షన్‌లో మారుస్తానన్నాను. కమిటీ కార్యదర్శి మాత్రం, "గుర్రం సూపర్ హిట్ బాస్! ఎండుచేపలంటే స్పాన్సర్ ఎవడొస్తాడు?" అన్నాడు. నేను గట్టిగా పట్టుబట్టలేదు. తర్వాతి వెర్షన్ రాకుండానే ఆయన పోయారు.

ముందుగానే పదవీ విరమణ చేశాక, పోయిన ఏడాది సింగపూర్‌లోనే సెరంగూన్‌లో అదే వేడుకకు వెళ్లాను. వేదిక మీద వేషం కట్టిన పిల్ల సింహాచలాలు వరసగా వచ్చారు, అందరూ అట్టగుర్రాల మీదే. ఉండబట్టలేక మైకు తీసుకుని జరిగింది చెప్పాను. గుర్రం నాదనీ, గంప ఆయనదనీ.

"బట్ అంకుల్, ఫిష్ వెరీ స్మెల్లీ లా!" అన్నాడొక సింహాచలం, సింగపూర్ యాసలో.

"ఆ కంపే ఆయన్ని కాపాడింది నాన్నా," అన్నాను.

కమిటీ ఆలోచించి సవరణకు ఒప్పుకుంది. వచ్చే ఏడాది నుంచి గంప కూడా ఉంటుందట, గుర్రం మీద.

నాకు అర్థమైంది ఒకటే. తాత్కాలికంగా పెట్టేదాన్ని వికారంగానే ఉంచాలి. ముచ్చటగా చేస్తే, అసలుది వచ్చినా దానికి చోటుండదు.