కడపలో గోడకు తగిలించిన డానియల్ ఫింగర్‌బోర్డు

నిజం చెప్పేస్తున్నాను, నేను కడపకు పోయింది డానియల్ మీద కుళ్ళుతో. కర్నూలులో మా చర్చిలో ఎలక్ట్రిక్ గిటారు వాయించేది మేమిద్దరమే. ఇద్దరం ఒకే రోజు, ఒకే షాపులో, ఒకే రకం గిటార్లు కొన్నాం. అతను కడపలో మస్తాన్ భాయ్ దగ్గర ఫింగర్‌బోర్డు, అంటే తీగల కింద వేళ్ళు నొక్కే పలక, మార్పించుకొచ్చాక పొగడ్తలన్నీ అతనికే. ఈస్టర్ పాటకు కూడా అతణ్ణే ముందు నిలబెడుతున్నామని పాస్టరుగారు చెప్పేసరికి నాకు ఒళ్ళు మండిపోయింది.

ఉదయం ఆరుకు కర్నూలులో బస్సెక్కితే నంద్యాల, ఆళ్ళగడ్డ, మైదుకూరు మీదుగా పదకొండున్నరకు కడపలో దిగాను. టికెట్ మూడు వందల పైచిలుకు. బస్టాండులో ఆటో అతను "ఏమప్పా, అంత పెద్ద సంచి ఎత్తుకోని యాడికి పోతాండావు?" అన్నాడు. దర్గా దగ్గర గిటార్లు బాగుచేసే మస్తాన్ భాయ్ అంగడికన్నాను. "మొన్న కర్నూలాయన్ని గూడా నేనే దించినా" అన్నాడు. ఆటోలో కూడా డానియలే ముందు! ఎనభై రూపాయలిచ్చి దిగాను.

మస్తాన్ భాయ్ ఊడదీసిన ప్రతి పలక మీదా పేరు రాసి గోడకు తగిలిస్తాడు. ఒక్కొక్కటే చూపిస్తూ చెప్పాడు. "మొదట్లో ఇట్లాంటి గిటార్లకు మెడ, పలక ఒకటే చెక్కప్పా. ఆనెంక రోజ్‌వుడ్ పలక వేరేగా అతికిచ్చిరి. పైన బాగా గుండ్రంగా ఉండేది, తీగ సాగదీస్తే మోత చచ్చిపోయేది. అందుకే రాను రాను చదును చేసిరి. ఇప్పుడు రోజ్‌వుడ్ దొరికేది కష్టం. కాగితాలు జిగురుతో ఒత్తి గూడా పలకలు చేస్తాండారు. డానియల్‌కు ఏసింది అదే."

ఇన్నాళ్ళూ నేను కుళ్ళుకుంది కాగితాన్ని చూసా!

"నాకు అంతకంటే మంచిది వెయ్యి భాయ్" అన్నాను. ఆయన నా గిటారు మెడను వెలుతురుకు పట్టి, వేలితో తడిమి చూశాడు. "ఎన్నేండ్లయింది కొని?" పన్నెండన్నాను. "శానా మంచి రోజ్‌వుడ్డు. కొంచెం గూడా అరగలేదు. దీన్నెందుకు పీకేది?" అంటూ డానియల్ పాత పలక తీసి నా చేతిలో పెట్టాడు. వేళ్ళు పడిన చోటల్లా చెక్క గుంతలు పడి ఉంది. వాటిలో నా వేళ్ళు పెట్టి చూసుకున్నాను. అదీ పన్నెండేళ్ళదే.

తిరుగు బస్సులో కుళ్ళు తగ్గలేదు, ఇంకా పెరిగింది. ఇప్పుడు నాకు కావాల్సింది ఆ గుంతలు. వాటిని ఏ భాయీ అతికించి ఇవ్వడు. మీరూ ఫింగర్‌బోర్డు మార్పించాలనుకుంటే, బస్సెక్కే ముందు తీగలు వదులు చేసి పలకను వేలితో తడిమి చూసుకోండి. ఎక్కడా గుంత తగలకపోతే ప్రయాణం మానేసి, ఇంట్లో కూర్చుని వాయించండి.