గోడ మీది మస్తాన్ మామ తీర్పు

మా చిన్నప్పుడు... కడపలో మా మిషన్ బడి పిల్లలు హాకీ ఆడితే, ఈల పట్టుకున్న అయ్యవారి మాట ఆట అయ్యేంతవరకే. ఆ తర్వాత తీర్పు చెప్పేది మైదానం పక్కన మొండిగోడ మీద వరసగా కూర్చునే పెద్దలు. దసరా సెలవులయ్యాక జరిగే మొదటి ఆట వాళ్ళకు తిరునాళ్ళే. జట్టులోకి కొత్తగా వచ్చిన ప్రతి పిల్లవాడినీ సంతలో కోడెదూడను చూసినట్టు చూసి, ఆట ముగిశాక ఒక్కొక్కరికీ ఒక మాట అనేవాళ్ళు. మా కెప్టెన్ ఆ మాట దాటేవాడు కాదు.

ఆ గోడకు పెద్ద మస్తాన్ మామ. బజారులో బట్టలు కుట్టే కొట్టు ఆయనది. వయసులో ఉండగా పోలీసుల జట్టుతో ఆడాడని చెప్పుకునేవాళ్ళు. ఆయన నోరు తెరిస్తే గోడ మీద ఇంకెవరూ తెరిచేవాళ్ళు కాదు.

నాకప్పుడు పద్నాలుగేళ్ళు. తెల్లదొరలు ఇంకా పోలేదు. కాళ్ళకు గోనెపట్ట ముక్కలు చుట్టుకుని మొదటిసారి గోల్లో నిలబడ్డాను. ప్రొద్దుటూరు పిల్లలు కొట్టిన బంతులు నాలుగు ఆపాను, రెండు పోయాయి. ముంగాలి ఎముక మీద కోడిగుడ్డంత వాపు... అయినా కుంటుకుంటూ గోడ దగ్గరికి వెళ్ళాను, ఒక్క "భేష్" అన్నా వినబడుతుందని.

"ఏమప్పా, గోల్లో పిల్లోన్ని నిలబెట్టినారా, బెదురుబొమ్మను నిలబెట్టినారా? రెండు బంతులొచ్చినాయి, రెండూ పోయినాయి" అన్నాడు మస్తాన్ మామ.

నేను ఆపిన నాలుగింటి ఊసే లేదు! గోడంతా నవ్వింది. మరుసటి ఆట నుంచి నా చోట్లో ఆయన కొడుకు ఖాదర్ నిలబడ్డాడు. వాడు నా జతగాడే, ఒకే బెంచీ మాది. వాడి మీద నాకు కోపం రాలేదు. వాళ్ళ నాయన మీద మాత్రం కడుపు మండిపోయింది. ఆ ఏడాదంతా గీత బయటే కూర్చున్నాను. నా పేరు దానం అన్న సంగతి బడంతా మర్చిపోయింది... అందరికీ బెదురుబొమ్మనే.

వేసవిలో మా అమ్మ రవికె గుడ్డ ఇచ్చి రమ్మంటే ఆయన కొట్టుకు వెళ్ళాను. గుమ్మంలో ఖాదర్ కూర్చుని సూదులకు దారం ఎక్కిస్తున్నాడు. ఒకటి కాదు, పది పన్నెండు. ఎక్కించినవన్నీ ఒక గుడ్డకు వరసగా గుచ్చి పెడుతున్నాడు. లోపల మస్తాన్ మామ ఆ గుడ్డను తడిమి ఒక్కో సూదీ తీసుకుంటున్నాడు. ఎదురుగా నిలబడ్డ నన్ను "ఎవురదీ?" అన్నాడు. గొంతు విన్నాక గానీ పోల్చుకోలేదు.

అప్పుడు వెలిగింది నాకు... ఈయనకు కళ్ళు కనబడవు! గోలు పడితే జనం కేకలు వేస్తారు, ఆ కేకలు విని తీర్పు చెప్పాడు. బంతి ఆపినవాడి కోసం ఎవరు కేక వేస్తారు? సూది బెజ్జం కానరాని మనిషి నా ఏడాది ఆటను మట్టిలో కలిపాడన్నమాట. పళ్ళు కొరుక్కుంటూ ఇంటికి వచ్చాను. ఎవరికీ చెప్పలేదు. పాము పగ అంటారే, అలా దసరా కోసం కాచుకున్నాను.

మళ్ళీ మొదటి ఆట వచ్చింది. "మొదటి సగం ఖాదర్, రెండో సగం దానం. బాగా ఆడినోనికే ఈ ఏడాదంతా గోలు" అన్నాడు కెప్టెన్.

ఆట మొదలయ్యే ముందు గోడ దగ్గరికి వెళ్ళి, మస్తాన్ మామతో ఎంతో వినయంగా చెప్పాను. "మామా, ముందు నేను నిలబడతాండా. తర్వాత మీ ఖాదరు."

"పో పో, చూస్తా కదా" అన్నాడు.

ఖాదర్‌కు ఆ రోజు బాగాలేదు. రెండు బంతులు పోయాయి, మూడోది కాళ్ళ సందులోంచి దూరింది. జనం కేకలు వినగానే మస్తాన్ మామ లేచి నిలబడి అరిచాడు.

"మల్లా ఆ బెదురుబొమ్మనే నిలబెట్టినారే! వీనికి ఆటెందుకప్పా? వీన్ని కన్నోల్లకు సిగ్గుండల్ల!"

గోడ మీద ఎవరో కిసుక్కుమన్నారు. పక్కనున్న ముసలాయన, "మస్తానూ... ఆడుండేది నీ కొడుకేనప్పా" అన్నాడు. ఇక గోడంతా విరగబడి నవ్వింది. నా ప్రాణం చల్లబడింది. అబద్ధమెందుకు... తొంభై దాటిన ఈ వయసులో తలుచుకున్నా ఆ క్షణం తియ్యగానే ఉంటుంది.

రెండో సగంలో ఒక్క బంతినీ పోనివ్వలేదు. ఆట ముగిశాక గోడ వైపు చూస్తే మస్తాన్ మామ లేడు. దూరంగా, గోడను చేత్తో తడుముకుంటూ పోతున్నాడు. ఖాదర్ కర్ర పారేసి పరుగెత్తి వెళ్ళి ఆయన చెయ్యి పట్టుకున్నాడు.

మరునాడు బడిలో ఖాదర్ ఎప్పటిలాగే నా పక్కన కూర్చున్నాడు. తిట్టలేదు. "కండ్లు లేని దర్జీకి ఇంగ గుడ్డలెవురిస్తారు, నువ్వే చెప్పు దానమూ" అన్నాడు, అంతే.

నిజంగానే ఎవరూ ఇవ్వలేదు. ఎన్నాళ్ళ నుంచో కత్తిరింపు కూడా ఖాదరే చేస్తున్నాడని అప్పుడు తెలిసింది ఊరికి. ఆ క్రిస్మస్‌కు మా అమ్మ కూడా రవికెలు వేరే కొట్టులో ఇచ్చింది. ఏడాది తిరక్కముందే కొట్టు మూసి, రాజంపేటలో కూతురింటికి వెళ్ళిపోయారు. ఖాదర్ బడి మానేశాడు.

గోలు నాదే అయింది. గోడ మీదివాళ్ళు భేష్ అన్నారు. ఎవరి నోట వినాలని పట్టుబట్టానో ఆయన మాత్రం లేడు.

నా కోపం తప్పని ఇప్పటికీ అనను. కానీ ఆయన నా నాలుగు బంతులూ చూడలేక ఆ మాట అన్నాడు... నేను ఆ సూదులన్నీ చూసి కూడా ఆ పని చేశాను.

ఇప్పుడా గోడ లేదు, మైదానం మీద ఇళ్ళు లేచాయి. ఇది టైపు చేస్తున్న మా మనవరాలు ఫోనులో ఆట చూస్తూ కింద కామెంట్లలో కొత్త కుర్రాళ్ళను ఏకిపారేస్తుంటుంది... తిట్టిందెవరో వాళ్ళకు తెలియదు, తిట్టు ఎవరికి తగిలిందో దీనికి తెలియదు. మీకూ ఇలా పేరు పెట్టిన పెద్దమనిషి ఎవరైనా ఉంటే చెప్పండి, వింటాను.

రాజంపేట వైపు వాళ్ళెవరైనా చదువుతుంటే మాత్రం ఒక పని చేసిపెట్టండి. దర్జీ మస్తాన్ మామ మనవలు కనబడితే... కడప బెదురుబొమ్మ ఇంకా బతికే ఉన్నాడని, ఖాదర్‌ను అడుగుతున్నాడని చెప్పండి.