ఆ మూడు రోజుల వాన

మా మేనత్త కామాక్షికి వానంటే ప్రాణం అనుకునేవాళ్ళు. అది అబద్ధం. అత్తకి వాన కన్నా వానని కొలవడం ఇష్టం.

గంజాం ఒరిస్సాలో కలిసిన ఏడాదే బరంపురంలో కొందరు పెద్దమనుషులు విజ్ఞాన సంఘం పెట్టారు. సభ వివరాలు తెలుగులో రాయాలా, ఒడియాలో రాయాలా అని ఆరు సమావేశాలు కీచులాడుకుని, చివరికి ఇంగ్లీషులో రాసుకున్నారు. భాష సంగతి తేలింది గానీ, సంఘంలో ఆడమనిషి ఉండొచ్చా అన్న ప్రశ్నే ఎవరి బుర్రకీ తట్టలేదు. ఉండకూడదని ఎవరూ అనలేదు పాపం. ఉంటుందనే అనుకోలేదు.

ఊళ్ళో వాన కొలవడానికి సంఘం నాలుగిళ్ళు ఎంచుకుంది. ఒకటి మా మావయ్య ధర్మలింగానిది. చింతపండు, మిరపకాయల హోల్‌సేల్ కొట్టు ఆయనది. ఇంటి వెనక పెరడు పెద్దది. అక్కడ వానడబ్బా పాతారు. రోజూ పొద్దున్న ఎనిమిదికి అందులో పడిన నీళ్ళు గీతలున్న గాజుగ్లాసులో పోసి, ఎన్ని గీతలొచ్చాయో పుస్తకంలో రాయాలి. మావయ్య రెండు రోజులు రాశాడు. మూడోనాడు కొట్టుకి వేళైపోతోందని, "నువ్వు సూసి రాసీయే" అని వెళ్ళిపోయాడు. మళ్ళీ ఆ ఊసెత్తలేదు. నెలాఖరు సంతకం మాత్రం ఆయనదే.

అత్త చదువు మూడో తరగతితో ఆగింది. అయినా ఆ పుస్తకం వదల్లేదు. వంటిల్లు అత్తగారిది, కొట్టు మొగుడిది. ఆ ఇంట్లో తనదని చెప్పుకోడానికి ఆ డబ్బా ఒక్కటే ఉండేది. తుఫాను రోజుల్లో కూడా నెత్తిన గోనె కప్పుకుని వెళ్ళి కొలిచేది.

చిక్కల్లా ఒక్కటే. గాజు పగిలితే పరువు పోతుందని మావయ్య దాన్ని దేవుడి గూట్లో పెట్టాడు. నెలకి మూడు రోజులు అత్త బయట చేరేది. పెరట్లో చూరు కింద చాప మీద, డబ్బాకి పది అడుగుల దూరంలో కూర్చుని, పడే వానని చూస్తూ ఉండేది. గాజు ముట్టుకోడానికి లేదు.

"ఏదో ఒక అంకె ఏసీయే, ఎవుడు సూడొచ్చాడు?" అనేవాడు మావయ్య.

"కొలవంది నేను రాయను" అనేది అత్త.

ఆ మూడు గళ్ళూ ఖాళీగా వదిలేసేది. నాలుగోనాడు, ఏ రోజు వాన ఎంతో తెలియకుండా ఆ నీళ్ళన్నీ పారబోస్తుంటే ఏడుపొచ్చేదట.

రెండేళ్ళు గడిచాయి. నెలనెలా ఖాళీలు చూసి, ధర్మలింగం గారు గోపాల్‌పూర్ సముద్రానికి షికార్లు పోతున్నారని సంఘంలో నవ్వుకున్నారు. ఆఖరికి ఈ లెక్క పనికిరాదు, డబ్బా వెనక్కి తెచ్చెయ్యమని కార్యదర్శి వెంకటరమణమూర్తి గారిని పంపారు. ఆయన బళ్ళో సైన్సు మేష్టారు, నెమ్మదస్తుడు. ఆయన వచ్చేసరికి మావయ్య కొట్లో ఉన్నాడు. మేష్టారు తిన్నగా పెరట్లోకి వెళ్ళి డబ్బా మీద చెయ్యి వేశారు.

"అది అట్టుకెల్లిపోకండి బాబూ."

చూరు కింద చాప మీద అత్త. పక్కన బోర్లించిన కంచం, చెంబు. పరాయి మగవాడితో అత్త మాట్లాడటం అదే మొదలు.

"రోజూ రాసేది నేనే. మా ఆయన కాదు."

"మరి ఈ ఖాళీలేమిటమ్మా?"

అత్త తల దించుకుంది. విడిచిన బట్టల కోసం వచ్చిన చాకలి బుల్లమ్మ మూట కడుతూనే అందుకుంది.

"ఏటి బాబూ, సదువుకున్నోరు, ఆ మాత్రం తెల్దా? ఆ మూడ్రోజులూ అమ్మ ఇక్కడుంటాది. మీ గాజు దేవుడి కాడుంటాది. అమ్మ ముట్టకూడదు, నాను లోపలికెల్లకూడదు. మరెవులు కొలుత్తారు?"

మేష్టారు చేతిలోని సంఘం లెక్కల పుస్తకం తెరిచి ఖాళీల తేదీలు ఒక్కొక్కటే చూశారు. ఆయన ముఖం చిన్నబోయింది. ఇంట్లో భార్య ఉన్న మనిషి, రెండేళ్ళు ఆ తేదీలు చూసి కూడా తెలుసుకోలేకపోయాడు. లోపల్నించి గాజు తెప్పించి, చూరుకి ఉట్టి కట్టి, ఇక మీదట ఇది ఇక్కడే ఉంటుందన్నారు. బయట పెట్టినా సరే, చదువు సరుకు ఆ మూడు రోజులూ కోడలు ముట్టడానికి వీల్లేదని అత్తగారు పట్టుపట్టింది. ఆయన వాదించలేదు. బుల్లమ్మ వైపు తిరిగారు.

"నీకు గీతలు లెక్కపెట్టడం వచ్చా?"

"నలబై ఇళ్ళ గుడ్డలకి గుర్తులెట్టేది నానే కదేటి!"

ఆ నెల నుంచి ఖాళీలు లేవు. ఆ మూడు పొద్దులూ బుల్లమ్మ కొలిచి, బట్టలకి పెట్టినట్టే జీడిరసంతో పాతగుడ్డ మీద గుర్తులు పెట్టేది. పది గీతలకో చార, ఒక్కో గీతకో చుక్క. నాలుగోనాడు తలకి పోసుకున్నాక అత్త వాటిని పుస్తకంలోకి ఎక్కించి, పక్కన తోకున్న సున్నా ఒకటి గీసేది. అది బుల్లమ్మ సంతకం.

సంఘంలో రెండు నెలలు గొడవైంది. వాన లెక్కల కింద సభ్యుల పేర్లే అచ్చు వేస్తామన్నారు కొందరు. చాకలిదాని పేరేమిటన్నారు ఇంకొందరు. "కొలిచిందెవరని అడిగితే అబద్ధం చెప్పమంటారా?" అన్నారు మేష్టారు. చివరికి ఇద్దర్నీ సభ్యులుగా చేర్చుకున్నారు. మొదటి సమావేశంలో బుల్లమ్మ కుర్చీ అంచున కూర్చుని, బల్ల మీది దుప్పటి కొస తిప్పి చూసి, "ఇది నానుతికిందే" అంది. అందరూ నవ్వారు. ఆ నవ్వులో ఎకసెక్కం లేదు.

చాలా ఏళ్ళ తర్వాత, అప్పటికి అత్త తల నెరిసింది, ఒక పొద్దున్న నేను ఆ పుస్తకం తిరగేస్తున్నాను. ప్రతి నెలా మూడు తోకసున్నాలు. మొన్నటి నెలలోనూ ఉన్నాయి. పెరట్లో బుల్లమ్మ ఉట్టి లోంచి గాజు తీస్తోంది. అత్త పాత చోటే చాప వేసుకుని, పది అడుగుల దూరంలో కూర్చుని చూస్తోంది.

"అత్తా, నీకు ఆగిపోయి నాలుగేళ్ళవుతోంది కదా. ఇంకా బుల్లమ్మెందుకు?"

అత్త నన్ను వెర్రిదాన్ని చూసినట్టు చూసింది.

"నాకు ఆగిపోతే దానికేటే? ఆ మూడ్రోజుల వానా దానిది."