పద్మ కథలు చదవడం మానేసిన రోజు

మేం ఏడో తరగతి చదివే రోజుల్లో... బడి వదలగానే మా అరుగు మీద బీడీలు చుట్టే ఆడవాళ్ళ మధ్య కూర్చుని పద్మ కథ చదివేది.

వేములవాడకు పోయే తోవలో ఓ చిన్న ఊరు మాది. పక్క సందులో పొద్దంతా బట్ట నేసే సాంచెల చప్పుడు... ఇటు మా అరుగు మీద ఒళ్ళో చాటలు, చాటల్లో తునికాకు, తంబాకు పెట్టుకుని మా అవ్వ, పక్కింటి పద్మ వాళ్ళవ్వ, ఇంకొందరు... అమ్మను మా వైపు అవ్వ అంటాం. వాళ్ళలో ఎవరికీ చదువు రాదు.

సాంచెల చప్పుడు దాటి వినిపించాలని పద్మ గొంతు పెంచి చదివేది. ముసలామెకు ఒక గొంతు, దొంగకు ఇంకో గొంతు... చేతులు ఆకు చుడుతూనే ఉండేవి, చెవులన్నీ దాని మీదే.

ఆ పుస్తకాలు మా తెలుగు టీచర్ రూతమ్మ గారు ఇచ్చేవారు. మంచిర్యాల నుంచి వచ్చారు. ఆదివారాలు చర్చిలో పిల్లలకు కథలు చెప్పేవారట. శనివారం బడి వదిలే ముందు సన్నటి కథల పుస్తకాలు బల్ల మీద పరిచి, ఏది కావాలంటే అది తీసుకుపొమ్మనేవారు.

"రాసుడు లేదు, అప్పజెప్పుడు లేదు. నచ్చకుంటే సగంలనే తెచ్చియ్యుండ్రి, ఇంకోటి ఇస్త."

అంతే... ఇంట్లో చదవమని మమ్మల్ని ఎవరూ బతిమాలలేదు, బెదిరించలేదు.

పద్మకు మార్కులు వచ్చేవి కావు. రాత వంకర, ఒత్తులన్నీ తప్పులు. కానీ అందరికంటే ఎక్కువ పుస్తకాలు ఇంటికి తెచ్చింది అదే.

దసరా సెలవుల తర్వాత కొత్త హెడ్‌మాస్టర్ వచ్చాడు. పిల్లలు నిజంగా చదువుతున్నారా, ఉత్తగా తీసుకుపోయి తెస్తున్నారా, రుజువేదని అడిగాడు. ఇక నుంచి పుస్తకం తీసుకున్న ప్రతివాళ్ళూ ప్రార్థనప్పుడు ముందుకొచ్చి కథలోని నీతి చెప్పాలన్నాడు. వద్దని రూతమ్మ టీచర్ ఎంత చెప్పినా వినలేదు.

మొదటి రోజే పద్మను పిలిచాడు. అది తీసుకున్నది, తప్పిపోయిన మేకను వెతుక్కుంటూ అడవిలోకి పోయిన ముసలామె కథ. అంతకుముందు సాయంత్రమే అరుగు మీద ఆ కథ గురించి పెద్ద వాదన నడిచింది... ఒంటరిగా పోవడం తప్పని మా అవ్వ, పోకపోతే మేకను ఎవరు తెస్తారని పద్మ వాళ్ళవ్వ.

కథలో నీతి ఏమిటని అడిగాడు సారు.

"నీతి తెల్వది సార్. కథ మొత్తం వస్తది, చెప్పమంటే చెప్త."

పిల్లలంతా నవ్వారు. సారు నవ్వలేదు. చదవకుండానే చదివానని అబద్ధాలా అన్నాడు. ఆ పుస్తకాన్నే దాని నెత్తి మీద పెట్టి, కంకర నేల మీద మోకాళ్ళ మీద నిలబెట్టాడు. పుస్తకం కింద పడితే వీపు మీద బెత్తం... ఆపబోయిన రూతమ్మ టీచర్‌ను మా అందరి ముందే లోపలికి పొమ్మన్నాడు.

ఇది రాస్తుంటే ఇప్పటికీ కోపం వస్తోంది.

మర్నాడు మా అవ్వ, పద్మ వాళ్ళవ్వ బడికి వచ్చారు. వాళ్ళను గుమ్మం బయటే నిలబెట్టాడు.

"పిల్ల చదివింది సార్. మేమందరం కూసొని ఇన్నం. గిందుల అబద్ధమేడిది?" అంది మా అవ్వ.

వేలిముద్ర వేసేవాళ్ళకు చదువు గురించి ఏం తెలుసని పంపించేశాడు.

ఆ ఆదివారం టీచర్ ఇంకో పుస్తకం పట్టుకుని పద్మ ఇంటికే వచ్చారు. పద్మ తీసుకోలేదు. ఆ తర్వాత ఇంకెప్పుడూ తీసుకోలేదు. వేసవిలో టీచర్‌ను ఉట్నూర్ వైపు బదిలీ చేశారు. అరుగు మీద కొన్నాళ్ళు నేను చదివాను గానీ, నాకు గొంతులు మార్చడం రాదు... మెల్లగా అందరూ తమ ముచ్చట్లలో పడిపోయారు. పద్మ పదో తరగతి తప్పి, వాళ్ళవ్వ పక్కనే చాట పట్టుకుని కూర్చుంది.

పోయిన నెల ఊరికి పోయినప్పుడు కలిసింది. మా అబ్బాయి కోసం కొన్న కథల పుస్తకం సంచిలో ఉంటే దాని చేతికిచ్చాను. అట్ట చూసి, ఒక్క పేజీ తిప్పకుండా తిరిగిచ్చింది.

"గిప్పటికి గుడ బుక్కు వట్టుకుంటే మోకాళ్ళు సలుపుతయే."

నవ్వుతూనే అంది. నాకే నవ్వు రాలేదు.

అదే వారం కరీంనగర్‌లో మా అబ్బాయి బడిలో తల్లిదండ్రుల మీటింగ్. వాడిదీ ఏడో తరగతే. పిల్లలకు ఇంట్లో చదివే అలవాటు చేయడానికి కొత్త పద్ధతి పెట్టారట... రోజూ చెప్పినన్ని పేజీలు చదవాలి, ప్రశ్నలకు జవాబులు ఫోన్లో పంపాలి, వెనకబడినవాళ్ళ పేర్లు గోడ మీద అంటిస్తారు. చుట్టూ అమ్మానాన్నలంతా తలలూపుతున్నారు.

నేను లేచి నిలబడ్డాను. కథ చదివినందుకు పిల్లలకు పరీక్ష ఎందుకన్నాను. ఎవరి పేరూ గోడ మీద పెట్టొద్దన్నాను. మర్యాదగానే మొదలుపెట్టాను గానీ, మర్యాదగా ముగించలేకపోయాను.

"మరి చదివిండ్రో లేదో మాకెట్ల తెలుస్తది మేడమ్?" అంది టీచరమ్మ. చిన్న వయసు, భయపడిపోయింది.

"తెలుసుకునుడు ఎందుకమ్మా... చదవనియ్యుండ్రి."

మావాడికి మాత్రం మినహాయింపు ఇచ్చారు. మిగతా పిల్లల పేర్లు గోడ ఎక్కాయి. నా వల్ల అయింది అంతే... ఆ అంతేను తలచుకుంటే ఇంకా మండుతోంది.

అప్పుడు మా బడిలో పుస్తకాలే తక్కువ. ఇప్పుడు అద్దాల బీరువాల నిండా ఉన్నాయి. అయినా పిల్లలు ఫోన్లు వదలడం లేదని అందరం తిట్టుకుంటున్నాం... ఫోన్ చూసినందుకు ఎవరూ వాళ్ళకు పరీక్ష పెట్టరు మరి.

మొదటి పుస్తకం చేతికిచ్చినవాళ్ళ గురించి మన ఈ పుస్తకాల గ్రూపులో అందరూ ప్రేమగా రాస్తారు. ఒక్కసారి... మీ చేతిలోంచి పుస్తకం లాక్కున్నవాళ్ళ గురించి కూడా రాయండి. పేర్లు వద్దు. ఏం చేశారో రాస్తే చాలు.