పగులుకు అవతలి వైపు

నేను రాస్ అల్ ఖైమా కొండల్లో రాతి క్వారీలో చేరేనాటికి ఆ పగులులో చిటికెన వేలు కూడా దూరేది కాదు. క్వారీ గోడ పైన, అంచు నుంచి కొంచెం లోపలికి, సన్నటి గీతలా ఉండేది. దానికి ఇవతల ఒక వరుస ఇనుప మేకులు, అవతల ఒక వరుస. రోజూ పొద్దున్నే, ఎండకు టేపు సాగకముందే, ఆ మేకుల మధ్య దూరం కొలవాలి. ఇవతలి కొస సర్వేయర్ పట్టుకునేవాడు. అవతలి కొస పట్టుకోవడం నా నౌకరి. అవతల అంటే అంచు వైపు. నా వెనక కాస్తంత నేల, ఆపైన ఉత్త గాలి.

సర్వేయర్‌ది నెల్లూరు. అందరం భాయ్ అనేవాళ్లం. మొదటి రోజే నన్ను కూర్చోబెట్టి చెప్పాడు: "ఇక్కడ రాయి పొరలు పొరలుగా ఉండాది అబ్బయ్యా. పొరలన్నీ గుంత వైపే వాలుండాయి. కింద రాయి తీసే కొద్దీ పైది జారాలని చూస్తాది. ఎప్పుడు జారుద్దో ముందే కనిపెట్టడమే మన పని."

నాకర్థమైంది ఒక్కటే. ఆ జారేదాని మీదే నేను నిలబడాలి.

మా అక్క మొగుడు అదే క్వారీలో షావెల్ నడిపేవాడు. పేల్చిన రాయిని ఎత్తి డంపర్లలో పోసే పెద్ద మెషిన్ అది. నాకు వీసా తెప్పించింది ఆయనే. సాయంత్రం క్యాంపులో రొట్టెలు చేసుకుంటూ నన్ను ఆట పట్టించేవాడు. "పొద్దుగాల గీత సూస్తవ్, మల్ల నీడకు కూసుంటవ్. గదీ ఒక పనేనా బామ్మర్దీ?" అందరూ నవ్వేవాళ్లు. నేనూ నవ్వేవాణ్ని. కానీ నా భయం, బుగులంతా ఆయన గురించే. ఆయన షావెల్ సరిగ్గా ఆ గోడ కిందే ఉండేది. పైనుంచి చూస్తే అగ్గిపెట్టెలా కనబడేది.

చలికాలంలో వాన పడింది. అక్కడ వానంటే ఏడాదికి ఎప్పుడో ఒకసారి. క్యాంపులో అందరూ బయటికొచ్చి తడిశారు. భాయ్ మాత్రం తలుపు దగ్గరే నిలబడి కొండ వైపు చూస్తున్నాడు. "నీళ్లన్నీ పగుల్లోకి దిగతాయి," అన్నాడు. ఆ మాట విన్నాక నేను బయటికి పోలేదు.

పొద్దున ఇద్దరం పైకెక్కాం. పగులు కదిలితే తెలియాలని దాని మీద అక్కడక్కడ సిమెంటు పట్టీలు వేసి ఉంచాం. అన్నీ రెండు ముక్కలై ఉన్నాయి. పగుల్లో నా చెప్పు కాలు పట్టేలా ఉంది. భాయ్ వంగి పట్టీలు చూస్తున్నాడు. నేను అలవాటు కొద్దీ టేపు కొస పట్టుకుని అవతలికి దాటాను.

మేకు దగ్గర కూర్చోగానే ఇసక జారుతున్న చప్పుడు వినిపించింది. నా కాళ్ల పక్కనుంచి సన్నటి కంకర పగుల్లోకి పోతోంది. కింద ఎక్కడో తగులుతోంది, ఇంకా కింద మళ్లీ తగులుతోంది. లేద్దామనుకున్నాను. కాళ్లు కదల్లేదు.

భాయ్ తలెత్తి చూశాడు. అరవలేదు. "టేపు వదిలెయ్ నాయనా. కిందకి చూడబాక. నా మొహం చూడు." కొలత కర్ర పగులు మీదుగా నా వైపు చాపాడు. "పట్టుకో. ఇంక రా." ఎలా లేచానో తెలియదు. ఇవతల పడి ఆయన కాళ్లు పట్టుకున్నాను. ఆయన నన్ను పగులుకు దూరంగా లాగి వైర్‌లెస్ అందుకున్నాడు.

వైర్‌లెస్‌లో గరగర తప్ప ఏమీ రాలేదు. భాయ్ ఎర్రజెండా ఊపుతూ నిలబడ్డాడు. నేను బాట వెంట కిందకి ఉరికాను. డంపర్ల వాళ్లు జెండా చూసి బండ్లు తిప్పుకుంటున్నారు. బావ వీపు మాకు తిరిగి ఉంది, ఇంజన్ చప్పుడులో ఏదీ వినబడదు. ఆ గోడ కిందకి నేను నడిచి పోవాలి. తల పైకెత్తితే మళ్లీ కాళ్లు ఆగిపోతాయని నేల చూస్తూ పోయాను.

షావెల్ ఎక్కి ఆయన భుజం పట్టుకున్నాను. "బావా, దిగు. గోడ కదిలింది."

"గీ ఒక్క కుప్ప తీసి వస్త, నువ్ నడువు."

"అక్క మీద ఒట్టు బావా, దిగు!" నేను ఏడుస్తున్నానని అప్పుడే నాకూ తెలిసింది. ఆయన నా మొహం చూసి, ఇంజన్ కూడా ఆపకుండా దూకాడు.

మా మేనేజర్, ముదీర్ అంటాం, జీపులో వచ్చాడు. షావెల్‌ను బయటికి తెద్దామా అని ఒకరెవరో అడిగారు. ఆయన భాయ్‌తో మాట్లాడి, గోడను చాలాసేపు చూసి, "ఖలాస్. ఎవ్వరూ లోపలికి పోవద్దు," అన్నాడు.

కానీ గోడ పడలేదు. ఆ రోజంతా పడలేదు. డీజిల్ అయిపోయి షావెల్ దానంతటదే ఆగిపోయింది. మర్నాడు పొద్దున్నా గోడ అలాగే ఉంది. అందరూ ఖాళీగా కూర్చుని నన్నూ భాయ్‌నీ చూస్తున్నారు. "నీ ఏడ్పు జూసి మెషిన్ ఇడిసొచ్చిన," అన్నాడు బావ. మమ్మల్ని ఇంటికి పంపేస్తారేమోనని కొత్త భయం పట్టుకుంది. గోడ పడకపోతే ఎలా అనుకున్నాను, వెంటనే అలా అనుకున్నందుకు భయపడ్డాను.

ఆ మధ్యాహ్నం తిండి దగ్గర కూర్చున్నాం. ముందు చప్పుడేమీ లేదు. గోడ మొత్తం, పైనున్న మా మేకులతో సహా, పళ్లెంలోంచి అన్నం జారినట్టు జారింది. తర్వాత చప్పుడు, ఆ తర్వాత గాలి. ధూళి మమ్మల్ని కమ్మేసింది. అది అణిగాక చూస్తే షావెల్ ఉన్న చోట కొత్త గుట్ట ఉంది.

బావ లేచి నిలబడి, మళ్లీ కూర్చున్నాడు. నోట్లో ముద్ద అలాగే ఉంది. నా చెయ్యి పట్టుకుని సాయంత్రం దాకా వదల్లేదు. ఆపైన ఇంకే గోడ కిందా మెషిన్ ఎక్కనన్నాడు. కొన్నాళ్లు క్రషర్ దగ్గర పని చేసి, సెలవుకని ఊరికి పోయి తిరిగి రాలేదు.

నేను ఉన్నాను. గుంతకు అవతలి పక్క గోడ మీద కొత్త మేకులు కొట్టాం. నా నడుముకు తాడు కట్టి, రెండో కొస జీపుకు కట్టాలని ముదీర్ హుకుం ఇచ్చాడు. ఒకరోజు భాయ్‌ని అడిగాను, "ఈ బుగులు ఎప్పుడు పోతది?"

"పోయిన రోజు నాకు చెప్పు," అన్నాడు తాడు ముడి బిగిస్తూ. "నిన్ను వేరే పనికి మార్పిస్తా."

నేను అక్కడ పని చేసినన్నాళ్లూ, బుగులు పోయిందని ఆయనకు చెప్పే అవసరం రాలేదు.