నా తర్వాత అనండి

ఆవిడ ఏడో తరగతికి ఇంగ్లీషు చెప్పేవారు. రిజిస్టరులో ఆవిడకొక పేరుండేది కానీ, దాన్ని ఆఫీసు గుమాస్తా తప్ప మరొకరు వాడిన దాఖలా లేదు. బడి మొత్తానికి ఆవిడ రిపీట్ మేడమ్. ఆ బిరుదు ఎవరూ శాలువా కప్పి ఇచ్చింది కాదు, గొంతు చించుకుని సంపాదించుకున్నది. పాఠమైనా పద్యమైనా ఆవిడ ఒక వాక్యం చెప్పి చెయ్యెత్తేవారు. తరగతి తరగతంతా దాన్ని ఒక్క గొంతుతో తిరిగి అనేది. ముందు నాలుక తిరగాలి, అర్థం తర్వాత దానంతట అదే వస్తుందన్నది ఆవిడ సిద్ధాంతం. అర్థం కొందరికి వచ్చేది. నాలుక మాత్రం అందరికీ తిరిగేది.

ఈ పద్ధతిలో ఉన్న చిక్కల్లా పిల్లలు దేన్నీ వదలకపోవడమే. ఒకసారి ఒక తండ్రి బడికొచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"మావాడు నది మీద పద్యం బ్రహ్మాండంగా చెబుతున్నాడు మేడమ్. కాకపోతే రెండో చరణం అవగానే 'ఎవర్రా ఆ కిటికీ తీసింది' అంటున్నాడు. అది పుస్తకంలో లేదండి."

"పుస్తకంలో లేనివి కూడా నేర్పుతామండి ఇక్కడ" అన్నారు ఆవిడ, ఏమాత్రం తొణక్కుండా.

తరగతిలో ఆవిడ మాట దాటి సొంత మాట మాట్లాడే ప్రాణి ఒక్కటే ఉండేది. ఆ పిల్లను అందరూ వసపిట్ట అనేవారు. హోంవర్కు తేకపోవడానికి వసపిట్ట చెప్పిన కారణాల్లో ఒక ఏనుగూ, ఒక పెదనాన్నగారి మూడో పెళ్లీ, గాల్లో ఎగిరిపోయిన ఒక ఇంటికప్పూ ఉన్నాయి. మేడమ్ శిక్ష వేసేవారు గానీ కారణం పూర్తిగా విన్నాకే వేసేవారు.

పరీక్షలయ్యాక ఏడాది చివర ఆవిడ తరగతిలో పనులు చాలా ఉండేవి. పిల్లలు తమకు నచ్చిన పాఠానికి కొత్త అట్ట బొమ్మ వేయాలి. నేర్చుకున్న మాటలన్నీ చార్టు మీద రాసి గోడకు తగిలించాలి. ఒక్కొక్కరూ లేచి తమ గురించి అయిదు వాక్యాలు సొంతంగా చెప్పాలి. అన్నిటికన్నా చివర, వార్షికోత్సవంలో తల్లిదండ్రుల ముందు తరగతంతా కలిసి పద్యం చెప్పాలి. ఈ ఆఖరిది పిల్లలకు మార్కుల వ్యవహారం, ఆవిడకు బతుకు వ్యవహారం. ఆవిడది ఏటేటా పొడిగించే ఉద్యోగం. ప్రిన్సిపాల్ గారు ఆ సాయంత్రం ముందు వరుసలో కూర్చుని, పద్యం విని, మర్నాడు పొడిగింపు కాగితం మీద సంతకం పెట్టేవారు. పెట్టని ఏడాది ఇంతవరకు లేదు.

ఆ ఏడాది సరిగ్గా ఆ పనులు మొదలయ్యే వారమే ఆవిడ గొంతు పోయింది. తెల్లారి లేచి అక్కను పిలవబోతే గాలి తప్ప మరేమీ రాలేదు. గొంతు డాక్టరు అద్దం పెట్టి లోపలికి చూసి, లోపలేదో కూలిపోయినట్టు మొహం పెట్టి, వార్షికోత్సవం దాటేదాకా పెదవి విప్పకూడదన్నాడు. అప్పటికీ రాకపోతే వేరే ఉద్యోగం చూసుకోమన్నాడు.

ఇంటి ముందు గదిలో బట్టలు కుట్టే అక్క, మిషను ఆపకుండానే ఈ వార్త విన్నది. "చిన్నప్పుడు నోరు మూసుకోవే అని నేను మొత్తుకుంటే విన్నావా? ఇప్పుడు డాక్టరుకి డబ్బులిచ్చి మరీ చెప్పించుకున్నావు." తర్వాత మిషను ఆపి, చెల్లెలి మొహం చూసి, "మీ ప్రిన్సిపాల్‌కి తెలిస్తే ఎలాగే" అన్నది.

ప్రిన్సిపాల్‌కు తెలియకూడదు. ఆవిడ మెడకు చున్నీ చుట్టుకుని బడికి వెళ్లి, తలుపు వేసి, "ఈ వారం నేను మాట్లాడను" అని బోర్డు మీద రాశారు. తరగతి ఆ వాక్యాన్ని భక్తిగా తిరిగి అన్నది.

పద్యం సాధన మొదలైంది. ఆవిడ చెయ్యెత్తారు, పిల్లలు అందుకున్నారు. రెండో వరుస బాగా ముందుకొచ్చేసింది. వెనక్కి జరిగితే బాగుండునని ఆవిడ అనుకున్నారు, అంతే.

"రెండో వరుస వెనక్కి జరగండి" అన్నది తరగతంతా, ఒక్క గొంతుతో. రెండో వరుస వెనక్కి జరిగింది.

ఆ గొంతు ఆవిడదే. కాస్త పీలగా ఉంది గానీ, 'జరగండి' దగ్గర సాగదీసే ఆ సాగు ఆవిడ సొంత ఆస్తి. ఇన్నేళ్ల అలవాటు కదా, ఊహించి ఉంటారులే అని ఆవిడ మనసుకు నచ్చజెప్పుకున్నారు. నచ్చజెప్పుకుంటూ ఉండగానే తరగతి "ఇన్నేళ్ల అలవాటు కదా, ఊహించి ఉంటారులే" అన్నది.

 ఆవిడ క్లాసు లీడరు పిల్లను సైగ చేసి దగ్గరికి పిలిచి, ఎవరు చెప్పమన్నారని కాగితం మీద రాసి చూపించారు.

"మీరే చెప్పారు కదా మేడమ్" అన్నది లీడరు, మర్యాదగా. "మీరు చెప్పాకే అన్నాం. ముందు అనలేదు."

అబద్ధమాడుతున్న మొహం కాదు. అబద్ధం ఆడటం చేతనయ్యే మొహమూ కాదు. డాక్టరు దగ్గరికి మళ్లీ వెళ్లాలేమో అని ఆవిడ అనుకోబోయి ఆపుకున్నారు కానీ ఆలస్యమైంది. డాక్టరుగారి ముక్కులో వెంట్రుకల గురించి ఆవిడ అభిప్రాయాన్ని ఏడో తరగతి ముక్తకంఠంతో ప్రకటించింది. ఒక్కరు కూడా నవ్వలేదు. ఏడో తరగతి పిల్లలు ముక్కులో వెంట్రుకలకు నవ్వకపోవడం అన్నిటికన్నా భయంకరమైన విషయం. ఇంకొక సంగతి కూడా బయటపడింది. అంతవరకు మేడమ్ కలలు కూడా ఇంగ్లీషులోనే కంటారని బడిలో ప్రతీతి. తీరా చూస్తే ఆవిడ ఆలోచనలన్నీ అచ్చంగా ఇంటి భాషలో ఉన్నాయి.

భయం రెండు రోజులుంది. మూడో రోజుకు సదుపాయంగా అనిపించింది. ఆవిడ కుర్చీలో కూర్చుని పాఠం తలుచుకునేవారు, తరగతి దానికదే చెప్పుకునేది. అల్లరి లేదు, గొంతు నొప్పి లేదు. ప్రిన్సిపాల్ గారు వరండాలో ఆపి మెచ్చుకున్నారు కూడా. "మీ గొంతు ఆఫీసు దాకా వినిపిస్తోందమ్మా. ఈ ఏడాది బృంద పద్యం అదిరిపోవాలి. మీ కాగితం నా సొరుగులోనే ఉంది." ఆవిడ చున్నీ సర్దుకుని తలూపారు.

అప్పుడు సొంత వాక్యాల రోజు వచ్చింది.

మొదటి పిల్లవాడు లేచి నిలబడి ఆవిడ వైపు చూశాడు. చూస్తూనే ఉన్నాడు. తర్వాత తడుముకోకుండా చెప్పాడు. "నాకొక అక్క ఉంది. ఆమె బట్టలు కుడుతుంది. పొద్దున్నే అద్దం ముందు నోరు తెరిచి చూసుకుంటాను. ఏమీ రావడం లేదు. నన్ను తీసేస్తారని భయంగా ఉంది."

రెండో పిల్ల లేచింది. "నాకొక అక్క ఉంది" అని మొదలుపెట్టింది. మూడోవాడికీ అక్కే ఉంది. వరుస తర్వాత వరుస లేచి, ఆవిడ ఇంటి గదులూ, ఆవిడ భయాలూ ఆవిడకే అప్పజెప్పి కూర్చున్నారు. ఆవిడ కళ్లు మూసుకుని, గోడలూ కుర్చీలూ తప్ప మరేదీ తలుచుకోకూడదని చూశారు. తర్వాతి పిల్ల గోడల గురించీ కుర్చీల గురించీ చెప్పింది.

వసపిట్ట వంతు వచ్చింది. ఆవిడ కళ్లు తెరిచారు. ఏనుగు వస్తుందేమోనని ఆశపడ్డారు.

"ఏనుగు వస్తుందేమోనని ఆశపడ్డాను" అన్నది వసపిట్ట, చదునైన గొంతుతో. ఆ పిల్ల కళ్లలో ఎదురుచూపు తప్ప మరేమీ లేదు.

ఆ సాయంత్రం ఆవిడ అన్నం కంచం పక్కకు జరిపారు. సంగతంతా కాగితం మీద రాసి అక్క ముందు పెట్టారు. అక్క చదివి తల గోక్కుంది.

"వార్షికోత్సవం దాకా కానిచ్చెయ్యి. కాగితం మీద సంతకం పడనీ."

ఆ తర్వాత? అని ఆవిడ రాశారు.

"తర్వాత సెలవులు కదే. మర్చిపోతారు." కంచం మళ్లీ ముందుకు జరుపుతూ, "మర్చిపోతారంటావా?" అని చెల్లెలినే అడిగింది.

వార్షికోత్సవం నాడు హాలు నిండిపోయింది. తల్లులూ తండ్రులూ తమ పిల్లల్ని వేలుపెట్టి చూపించుకుంటున్నారు. వేదిక మీద ఏడో తరగతి, ఇస్త్రీ బట్టల్లో, ఒక్కరు కూడా కదలకుండా నిలబడి ఉంది. అన్ని జతల కళ్లూ ఆవిడ మీదే ఉన్నాయి. తన కన్నతల్లి చెయ్యి ఊపినా వసపిట్ట అటు తిరగలేదు.

ఆవిడ చెయ్యెత్తితే చాలు. పద్యం దోషం లేకుండా వస్తుంది, సంతకం పడుతుంది. వచ్చే ఏడాది మరో తరగతి, మళ్లీ ఇవే కళ్లు.

ఆవిడ మెడకున్న చున్నీ తీసేశారు. డాక్టరు మాట పక్కనపెట్టి, ఉన్న బలమంతా కూడదీసుకుని, గరగరమంటూ మాట్లాడారు.

"నా తర్వాత అనకండి."

"నా తర్వాత అనకండి" అన్నది ఏడో తరగతి, గరగరతో సహా. హాలంతా చప్పట్లు కొట్టింది.

ఆవిడ ఇక అక్కడ నిలబడలేదు. వేదిక దిగి, ముందు వరుసలో ప్రిన్సిపాల్ గారి మోకాళ్లు దాటి, నడవ వెంట గబగబా నడిచి, వెనక తలుపు తోసుకుని బయటికి వెళ్లారు. సైకిళ్ల షెడ్డు దాటి, గేటు దాకా వెళ్లి, ఇనుప చువ్వలు పట్టుకుని నిలబడ్డారు. లోపల నిశ్శబ్దం. ఎంతసేపటికీ నిశ్శబ్దమే. తన వెనక ఒక తరగతెడు పిల్లలు నోరు పడిపోయి నిలబడి ఉన్నారన్న ఆలోచన వచ్చింది. అది హాల్లోంచి వినిపించలేదు.

తర్వాత ఎవరో మొదటి పాదం తప్పు చెప్పారు. ఇంకెవరో రెండోది ముందే అందుకున్నారు. ఒకడు "అది కాదురా" అన్నాడు. "నువ్వే కాదు" అన్నాడు ఇంకొకడు. ఎవరో కిసుక్కుమన్నారు. పద్యం ముక్కచెక్కలై నాలుగు దిక్కులా పడుతుంటే, దాని మీదుగా ఒక సన్నని గొంతు లేచింది. పద్యం పూర్తిగా వచ్చుననీ, పొద్దున హాలు గుమ్మంలో ఒక ఎలుగుబంటి అడ్డం రావడం వల్లే మర్చిపోయామనీ, అది వాళ్ల బాబాయికి తెలిసినదేననీ, గుక్క తిప్పుకోకుండా తల్లిదండ్రులకు వివరిస్తోంది.

ప్రిన్సిపాల్ గారు బయటికొచ్చారు. మొహం కందిపోయి ఉంది.

"ఏంటమ్మా ఇది? నలుగురిలో పరువు తీశారు. ఏం చెబుతారు నాకు?"

ఆవిడ నోరు తెరిచారు. గాలి వచ్చింది. ఆయన చెయ్యి నడుముకు పెట్టుకుని జవాబు కోసం చూశారు. తను చెప్పదలచుకున్నది ఆవిడ మనసులో వాక్యం తర్వాత వాక్యంగా అనుకున్నారు, స్పష్టంగా, తీరిగ్గా, కామాలతో సహా. హాల్లో పిల్లలు ఎలుగుబంటి రంగు గురించి పోట్లాడుకుంటున్నారు. ఆవిడ మాట ఒక్కటి కూడా ఎవరూ అనలేదు.