అక్క కడిగిన చేపలు

మొన్న పొద్దున పేపరు తిరగేస్తుంటే, జన్యువు మార్చి కండ పెంచిన చేపల గురించి ఏదో వార్త కనిపించింది. మా మనవరాలు దాన్ని కొత్త వింత అనుకుని నాకు విడమరిచి చెప్పబోతే నవ్వి ఊరుకున్నాను. ఇందుకూరుపేట దగ్గర ఓ పరిశోధనశాలలో అలాంటి చేపలకు మేత వేస్తూనే నా ఉద్యోగపు చివరి ఏళ్లు గడిచాయని ఆ పిల్లకు తెలియదు.

అక్కడ శీలావతి చేపలను రెండు జట్లుగా పెంచేవాళ్లం. కండ పెరిగింది చాలు, ఇక ఆగమని చెప్పే జన్యువు ఒకటుంటుందట. ఒక జట్టులో ఆ పరిశోధన నడిపే మా మేడమ్ గారు దాన్ని గుడ్డు దశలోనే పనిచేయకుండా చేసేవారు, రెండో జట్టు మామూలు చేపలు. ఏడాది పెంచాక రెండింటి కండనూ ముల్లు నుంచి వేరుచేసి తూచి, నారలను సూక్ష్మదర్శిని కింద పోల్చి చూడాలి. తీరా ఆ రోజు వచ్చేసరికి, చదువుకున్న పిల్లలు ఒకటి రెండు కోసి చూస్తే కండంతా చిందరవందరైంది. మైపాడు రోడ్డులో ముప్పై ఏళ్లుగా చేపలు కోస్తున్న మా అక్కను నేనే పిలుచుకొచ్చాను. ఆమె కత్తిపీట ముందు కూర్చుంటే ముల్లుకు పిసరంత కండ మిగలదు. నాకు గర్వంగా అనిపించింది, కాదనను.

మేడమ్ గారు తూకానికి అన్నీ సర్దుకోవడానికి పక్క గదికి వెళ్లారు. ఆవిడ తిరిగొచ్చేలోగా అక్క జన్యువు మార్చిన చేపలన్నిటినీ కోసి, వెంట తెచ్చుకున్న కల్లుప్పూ పసుపూ వేసి రుద్ది, మూడుసార్లు శుభ్రంగా కడిగి పళ్లెంలో పేర్చింది. మా ఇళ్లలో కడగని చేపను ఎవరి చేతికీ ఇవ్వరు మరి. చెంబుతో నీళ్లు పోసింది నేనే. ఇరవై ఏళ్లు అక్కడే పనిచేసినవాణ్ణి, ఉప్పు తగిలితే కండ నీరు వదిలి తూకమూ నారలూ రెండూ చెడతాయని నాకైనా తట్టాలి కదా, తట్టలేదు. ఏడాది శ్రమ బూడిదలో పోసిన పన్నీరైంది.

పళ్లెం చూసి మేడమ్ గారి ముఖం పాలిపోయింది. ఎవరు కడగమన్నారని అడిగారు. నా కాంట్రాక్టు ఆ నెలలోనే మళ్లీ రాయాల్సి ఉంది, చేతిలోని చెంబును మెల్లగా పక్కకు పెట్టేశాను. అక్క నా వైపు ఒక్కసారి చూసి, "నేనే కడిగినానమ్మా, తమ్ముడు అప్పుడు ఈడ లేడు" అనేసింది. నేను తల దించుకున్నాను. అక్కను ఇక పిలవొద్దన్నారు. ఆ చేపలు తినకూడదు కనుక సున్నం చల్లి గుంటలో పూడ్చాం. మాట పడ్డందుకు కాదు, అంత కండపట్టిన చేపలు మట్టిపాలయ్యాయని అక్క దారి పొడుగునా బాధపడింది.

ఇప్పుడక్కడ కండ కోయడానికి యంత్రం వచ్చిందట. మేడమ్ గారు అప్పుడప్పుడూ ఫోన్ చేసి నా ఆరోగ్యం అడుగుతుంటారు. ఈ రోజు నిజం చెప్పినా నాకు పోయే ఉద్యోగం లేదు, ఆవిడకు కోపమూ రాదు. అక్క పోయి మూడేళ్లయింది. చెప్పాల్సింది ఆనాడే, ఆమె వింటుండగా.